సర్కారు జల్లెడ

అమరేశప్పకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రాయచూరు బజారు సందులో నలభై ఏళ్లుగా ఆడవాళ్ల జాకెట్లు కుడుతున్నాడు. ఏ ఒక్కరి ఒంటికీ టేపు తగిలించింది లేదు. పాత జాకెట్టు ఇస్తే చాలు, కొలతలు దానిలోంచే తీస్తాడు. అలాంటి మనిషి సెల్లుకు కన్నడంలో మెసేజీ వచ్చింది: మీ పేరు మీదున్న రెండో నంబరులో అశ్లీల చిత్రాలు తెరవబోయారు, ఆపేశాం. వారంలో ఇది మూడోది. బూతును ఏరిపారేస్తామని సర్కారు కొత్తగా పట్టిన జల్లెడ అది. రాయికీ గింజకీ తేడా తెలియని జల్లెడ.

ఆ రెండో నంబరు భార్య హులిగెమ్మది. ఇంట్లో ఉండేదే ఇద్దరు. మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి ఇంటికొచ్చాడు.

"ఏందే ఇది? నా ఇజ్జత్ పోతుంది. ఫోన్ల ఏం చూస్తున్నవ్?"

హులిగెమ్మ ఎడమ రొమ్ముకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. అప్పుడు తట్టింది అమరేశప్పకు. నెల కిందట, ఒరుసుకుంటుందని, జాకెట్టు ఎడమవైపు వదులు చేయమంది. "ముసల్తనంల ఒళ్లొస్తుందా?" అని నవ్వి కుట్టిచ్చాడు. ఒక్క వైపే ఎందుకని అడగలేదు. పెద్ద కొలతల మొనగాడు!

"గడ్డ తగులుతుందయ్యా," అంది ఆమె నేల చూస్తూ. "ఎట్ల చూసుకోవాల్నో డాక్టరమ్మ చెప్పే వీడియో ఉంటదంట. తెరిస్తే బూతని అడ్డమొస్తుంది. నేనే పాడుపని చేసిననేమో అని భయమైంది."

అమరేశప్ప కోపం ఎటు పోయిందో! విడిచిన చెప్పులు మళ్లీ తొడుక్కున్నాడు.

"నాకు చెప్పనీకి సిగ్గై ఫోన్ను అడిగినవా, పిచ్చిదానా? నడువు దవాఖానకు."

"మొగ డాక్టరుంటే?"

"ఉంటే ఏంది? పక్కన నేను లేనా?"

తీరా వెళ్తే ఉన్నది డాక్టరమ్మే. గదిలో గోడ మీద, చేత్తో ఎలా తడిమి చూసుకోవాలో చెప్పే బొమ్మలు వరుసగా ఉన్నాయి. వాటికి ఎవరూ ముసుగు వేయలేదు. అమరేశప్ప తల తిప్పుకోబోయి, ఆగి, ఒక్కొక్కటే చదివాడు. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ తెలియనందుకు ఏడుపొచ్చింది.

"మొగోళ్లు బయట కూసోండి," అంది నర్సు.

అతను లేచాడు. పెళ్లయిననాటి నుంచీ తలుపు మూయనిదే చీర మార్చుకోని హులిగెమ్మ, అతని చొక్కా పట్టుకుని ఆపింది.

"ఆయన్ను ఉండనీయమ్మా," అని, కొంగు తీసి అతని చేతికిచ్చింది.