గంటసేపు ఖైదీ

భర్త యూనిఫాంను ఆమె ఇస్త్రీ చేస్తుండగా ఆయన ఇంకో జత తెచ్చి బల్ల మీద పడేశాడు. ఖైదీల బట్టలు.

"వీటికి ఇస్త్రీ వద్దు. నలిగే ఉండాలి. రేపు నువ్వే వేసుకోవాలి."

ఆయన జైలు సూపరింటెండెంటు. మిల్లులో సమ్మె చేయించిందని లోపలేసిన నాయకురాలిని చూడటానికి విదేశాల బృందం వస్తోంది. ఆ నాయకురాలు క్షేమంగా ఉన్నట్టు తేలకపోతే సాయం ఆపేస్తామని ఆ దేశాలు ప్రభుత్వానికి చెప్పేశాయి. వరస చివరి గదిలో ఉన్న ఆ మనిషి లేచి నిలబడలేకపోతోందని నిన్న అన్నం తింటూ ఆయనే చెప్పాడు, కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు.

"వాళ్ల దగ్గర దాని ఫోటో లేదు. దాని బదులు ఆడ వార్డర్ని కూర్చోబెడితే ఎప్పుడో నోరు జారుతుంది. నువ్వు ఇంటిమనిషివి. చుట్టాలొస్తే అంతా బాగుందని నవ్వుతూ కూర్చోవూ? అంతే."

"కనిపెడితే?"

"నీ మొహానికి అంత సీను లేదులే."

పక్కగదిలోంచి అత్తగారు అందుకుంది. "మొగుడి ఉద్యోగం నిలబెట్టడమూ ఇంటిపనేనమ్మాయ్. కాసేపు తల దించుకుని కూర్చుంటే నీ సొమ్మేం పోయింది?"

చుట్టాల గురించి ఆయన అన్నది నిజమే. అది ఆమెకు చెయ్యి తిరిగిన పని. దవడ వాచినప్పుడు పుట్టింటివాళ్లకు పన్నునొప్పి అని చెప్పింది. ఉద్యోగం మానిపించినప్పుడు తనకే ఓపిక లేదని చెప్పింది. ఇన్నాళ్లూ ఆమె అబద్ధాలు ఆమె ఒంటితోనే పోయేవి. రేపటిది ఇంకో ఆడమనిషి ఒంటి మీద చెప్పాలి. వచ్చినవాళ్లు నమ్మి వెళ్లిపోతే ఆ మనిషి కోసం మళ్లీ ఎవరొస్తారు?

మర్నాడు ఆమెను కూర్చోబెట్టిన గదిలో కొత్త దుప్పటి పరిచారు. బృందంలోని పెద్దావిడ ఎదురుగా కూర్చుంది, మిగతావాళ్లు వెనక నిలబడ్డారు. పక్కన మాటలు అనువదించే దుబాసీ, అతనూ ప్రభుత్వం ఇచ్చిన మనిషే. గుమ్మంలో భర్త.

"మిమ్మల్ని ఇక్కడ ఎలా చూసుకుంటున్నారు?" దుబాసీ అడిగాడు.

ఆమె తల ఎత్తింది. "నేను ఆమెను కాను. సూపరింటెండెంటు భార్యను. ఆమె ఈ వరస చివరి గదిలో ఉంది."

దుబాసీ భర్త వైపు చూశాడు. తర్వాత రెండు ముక్కల్లో ఏదో చెప్పాడు. పెద్దావిడ తలూపి రాసుకుంది. భర్త నవ్వాడు. ఇంట్లో ఆమె ఏదైనా అంటే నవ్వే నవ్వే.

ఆమె లేచింది.

"కూర్చో," అన్నాడు, పళ్ల మధ్యనుంచి.

రోడ్డు దాటించేటప్పుడు పిల్లను పట్టుకున్నట్టు ఆమె పెద్దావిడ మణికట్టు పట్టుకుని గుమ్మం దాకా నడిచింది. ఆయన చెయ్యి సగం లేచి ఆగింది. ఇంతమంది విదేశీయుల ముందు ఖైదీ మీద చెయ్యి వేయకూడదు. ఈ బట్టల్లో ఉన్నంతసేపు ఆయన తనను కొట్టలేడని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆయన పక్కకు జరిగాడు.

వరసలో చివరి తలుపు దగ్గర ఆమె ఆగి, పెద్దావిడ చేతిని తాళం మీద పెట్టింది. లోపల ఎవరో మూలిగారు. అది పెద్దావిడకు దుబాసీ చెప్పనక్కర్లేకపోయింది.