రెండు గుక్కలు

మా ఆయన గంగరాజు గారు పోయి అప్పటికి తొమ్మిది నెలలు. కాలవ లాకుల దగ్గర లస్కరుగా పనిచేసేవారు. తలుపులు ఎత్తడం, దించడం, నీటి మట్టం చూసి పుస్తకంలో రాయడం ఆయన పని. ఆయన బదులు మా అమ్మాయి హారతికి ఉద్యోగం రావాలంటే ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలని రామచంద్రపురం ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తా ఉదయభాస్కర్ గారు మొదట్లోనే చెప్పారు. దానికి జత చెయ్యాల్సిన మొదటి కాగితం డెత్ సర్టిఫికెట్. ఆ ఒక్క కాగితం అడగడానికి నేను తొమ్మిది నెలలు భయపడ్డాను. ఎందుకంటే మనిషి ఎక్కడ పోయాడో అందులో రాస్తారు.

మా ఊళ్లో అందరూ ఎరిగింది ఏమిటంటే, ఆయన మా ఇంటి అరుగు మీద తల్లి చేతి నీళ్లు తాగి పోయారని. జరిగింది అది కాదు.

కిందటి అక్టోబరు ఇరవయ్యో తారీకు ఆదివారం. ఆయన, తోటి లస్కరు ఏసురాజు అన్నయ్యగారు కలిసి యానాం వెళ్లారు. మా వైపు మగవాళ్లు సెలవు రోజున యానాం ఎందుకు వెళ్తారో చెప్పక్కర్లేదు. కానీ చుక్క ముట్టుకోకముందే, బస్సు దిగిన చోటే ఆయన గుండె పట్టుకుని కూలబడ్డారట. కిరాణా కొట్టుకి ఫోనొస్తే నేను పడుతూ లేస్తూ వెళ్లాను. ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. ఏదో కాగితం ముందు పెడితే చదవకుండా సంతకం చేశాను.

అప్పుడు నాకు గుర్తొచ్చింది ఇంటి దగ్గర మంచం మీద ఉన్న మా అత్తగారు సంపూర్ణమ్మ గారు. తుంటి విరిగి రెండు నెలలు. బయట పోయినవాళ్లను మా ఊళ్లోకి తీసుకురానివ్వరు. ఊరవతల కాలవ గట్టు మీద దించి, అటునుంచి అటే శ్మశానానికి తీసుకుపోతారు. ఆవిడ గట్టుదాకా రాలేరు. కన్నకొడుకు ముఖం కడసారి చూడలేరు. ఆ మాట ఏసురాజు అన్నయ్యగారితో చెప్పి ఏడిచాను.

"మాకైతే ఈ గొడవ లేదు చెల్లెమ్మా. ఎక్కడ పోయినా ఇంటికి తెచ్చుకుని పాటలు పాడుకుంటాం. మీవాళ్లతోనే వచ్చింది చిక్కు," అన్నారాయన కళ్లు తుడుచుకుంటూ. కాసేపు ఆలోచించి, ఆసుపత్రి వెనక నుంచి ఒక ఖాళీ సెలైన్ సీసా పట్టుకొచ్చి టాక్సీలో పై కొక్కేనికి వేలాడదీశారు. "ఊపిరుందని చెప్పు. మిగతాది నేను చూసుకుంటా."

అలా తీసుకొచ్చాం. దారి పొడుగునా ఎవరో ఆపుతారని, సీసాలో నీళ్లు లేవని కనిపెడతారని భయపడుతూ కూర్చున్నాను. మూడు గంటలకి అరుగు మీద పడుకోబెట్టాం. అత్తయ్యగారిని ఇద్దరు మోసుకొచ్చి కూర్చోబెట్టారు. తులసి నీళ్లు చెంచాతో కొడుకు నోట్లో పోశారు. ఆ నీళ్లు పెదవి చివర నుంచి చెవిలోకి జారిపోతుంటే నేను చెంగు అడ్డం పెట్టి తుడిచేశాను. నేనే "మింగారండి అత్తయ్యగారూ" అన్నాను. ఇంకో చెంచా పోశారు. అదీ మింగారన్నాను. ఆ తర్వాత గట్టిగా ఏడిచాను, ఇప్పుడే పోయినట్టు.

ఆ రోజు నుంచీ ఎవరొచ్చినా ఆవిడ చెప్పే మాట అదే. "నా చేతి నీళ్లు రెండు గుక్కలు తాగి మరీ వెళ్లాడు." ఆ మాటతోనే ఆవిడ మళ్లీ అన్నం తిన్నారు, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేశారు. ఇక ఏ ఆఫీసుకని వెళ్లను?

గడువు మూడు నెలలే ఉందనగా హారతి నన్ను పంచాయతీ ఆఫీసుకి లాక్కెళ్లింది. ఇంటరు ప్యాసైన పిల్ల, ఏ కాగితమైనా ఫైల్లో పెట్టుకుంటుంది.

"ఎక్కడ పోయారమ్మా?" అని అడిగారు పంచాయతీ సెక్రటరీ గారు.

"ఇంట్లోనేనండి."

"అప్పుడే ఎందుకు రాయించలేదు? నెల దాటితే ఎంఆర్‌వో గారి ఎంక్వైరీ పడుద్ది. వీధిలోకొచ్చి అందర్నీ అడుగుతారు."

ఇంతలో హారతి ఫైల్లోంచి ఒక చీటీ తీసి, "నాన్న సంచీలో ఇది దొరికిందండి. ఇదేమన్నా పనికొస్తుందా?" అని ఆయన చేతికిచ్చింది. యానాం ఆసుపత్రి చీటీ. గొలుసుకట్టు ఇంగ్లీషులో ఉంది. తను అది వైద్యం చేసిన కాగితం అనుకుంది.

ఆయన రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు. "ఇందులో పొద్దున్న పదకొండున్నరకి చనిపోయినట్టుందమ్మా. మీరేమో ఇంట్లో అంటున్నారు. ఎంత గవర్నమెంటు ఉద్యోగైనా రెండు చోట్ల పోతాడాండీ?"

పక్కన కూర్చున్న బిల్లు కలెక్టరు నవ్వాడు. నేను నేల చూశాను.

"ఎక్కడ పోతే అక్కడే రాస్తారు. యానాం వెళ్లండి. అది మన రాష్ట్రం కూడా కాదు, పాండిచ్చేరి కింద ఉంది. ఇక్కడ నేను రాస్తే నా ఉద్యోగం పోద్ది, అబద్ధం చెప్పినందుకు మీమీద కేసవుద్ది."

బయటికొచ్చాక హారతి సైకిలు పట్టుకుని చాలాసేపు నడిచింది. ఎక్కలేదు. "అయితే నానమ్మ నీళ్లు పోసేసరికే…" అంది.

"నానమ్మకి చెప్పకే. చెప్తే ఆవిడ బతకదు."

"నేను చెప్పను. కాగితమే చెప్తుంది కదమ్మా," అంది.

ఆ రాత్రంతా నాకు అదే మాట.

మర్నాడు రామచంద్రపురంలో బస్సెక్కి ద్రాక్షారామం మీదుగా యానాం వెళ్లాం. హారతి కిటికీ పక్కన కూర్చుంటే చెయ్యి లోపల పెట్టుకోమని పదిసార్లు చెప్పాను. ఎదురొచ్చే ప్రతి లారీ మా బస్సు మీదకే వస్తున్నట్టుంది నాకు. యానాంలో అడుగు పెట్టాక ఆ ఆసుపత్రి వైపు చూడలేదు.

మున్సిపల్ ఆఫీసులో ఒకావిడ మా దరఖాస్తు తీసుకుని, ఆయన సర్వీసు కాగితం నకలు, మా రేషను కార్డు నకలు తెమ్మన్నారు. అవి లేవు. మళ్లీ వారం వెళ్లాం. ఈసారి ఆవిడ బీరువాలోంచి ఒక పెద్ద రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టి, అక్టోబరు నెల దగ్గర తెరిచి వేలితో కిందికి జరుపుకుంటూ వెళ్లారు.

ఆ వేలు కదులుతున్నంతసేపూ నేను రెండు మొక్కులు మొక్కాను. పేరు ఉండాలని ఒకటి, లేకపోవాలని ఒకటి. లేకపోతే హారతికి ఉద్యోగం లేదు. ఉంటే నా అబద్ధం ఇక్కడ సర్కారు పుస్తకంలో బయటపడినట్టే.

"ఇదిగో, ఉందండి. ఆసుపత్రి వాళ్లు అప్పుడే పంపించేశారు," అన్నారావిడ. "బాడీ అప్పగించిన కాగితం నకలు కూడా జత చేశారు. ఈ సంతకం మీదేనా?"

వంకర అక్షరాలతో సూర్యకళ అని ఉంది. నాదే. ఏడో తరగతిలో ఎలా రాసేదాన్నో అలాగే ఉంది. ఊరంతా ఊపిరుందని నమ్మిన రోజున, పోయారని ముందుగా సంతకం పెట్టింది నేనే.

"నాదేనండి," అన్నాను.

నాలుగు రోజులకి సర్టిఫికెట్ చేతికొచ్చింది. దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకున్నాను. ఇంటికొచ్చాక బియ్యం డబ్బాలో దాచాను. అత్తయ్యగారికి చదువు రాదు. అయినా దాచాను.

అయిపోయిందనుకున్నాను. దరఖాస్తు తీసుకుని వెళ్తే ఉదయభాస్కర్ గారు కాగితాలన్నీ తిప్పి, "ఇంకొకటి ఉందమ్మా. గంగరాజు తల్లిగారు ఉన్నారు కదా? మనవరాలికి ఉద్యోగమిస్తే నాకు అభ్యంతరం లేదని ఆవిడ వేలిముద్ర నా ఎదురుగా వెయ్యాలి," అన్నారు.

"కాగితం ఇవ్వండి బాబూ, ఇంటి దగ్గర వేయించుకొస్తాను."

"కుదరదండి. చదువు రానివాళ్లకి ప్రతి ముక్కా నేనే చదివి వినిపించి, వినిపించానని సంతకం పెట్టాలి. లేకపోతే పైవాళ్లు తిప్పి పంపేస్తారు."

ఆ కాగితంలో ఏం రాసుందో తలకిందులుగా చదివాను. "నా కుమారుడు యానాం ఆసుపత్రిలో మరణించినందున" అని మొదలవుతోంది.

"ఆ ఒక్క ముక్క వదిలేసి చదవకూడదాండీ?"

ఆయన నన్ను వింతగా చూశారు. "ఎందుకమ్మా?"

తల అడ్డంగా ఊపి వచ్చేశాను.

రెండు నెలలు రోజూ చెప్పాలనే అనుకున్నాను. కాళ్లకి నూనె రాస్తూ చెబుదామనుకుంటే ఆవిడ కొడుకు చిన్నప్పటి మాట ఎత్తుకునేవారు. అన్నం పెడుతూ చెబుదామనుకుంటే ముద్ద గొంతులో అడ్డం పడుతుందని భయం. ఇంకో పది రోజులే గడువుందనగా ఆటో పిలిచాం. ఆటోలో కూడా నోరు తెరిచాను. గతుకుల్లో ఆవిడ తుంటి పట్టుకుని మూలిగారు. నోరు మూసుకున్నాను.

ఆఫీసులో ఉదయభాస్కర్ గారు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. "వినండి మామ్మగారూ," అని గట్టిగా చదివారు. "నా కుమారుడు గంగరాజు అక్టోబరు ఇరవయ్యో తేదీన యానాం ఆసుపత్రిలో మరణించినందున…"

అత్తయ్యగారు చెయ్యెత్తారు. "ఎక్కడన్నారు బాబూ?"

"యానాం ఆసుపత్రిలోనండి."

"ఎన్నింటికి?"

"అది ఇందులో రాయరండి మామ్మగారూ."

ఆవిడ నా వైపు తిరిగారు. ఫ్యాను కింద కాగితాలు రెపరెపలాడుతున్నాయి. హారతి నా మోచెయ్యి పట్టుకుంది.

"ఎన్నింటికే?"

"పదకొండున్నరకండి అత్తయ్యగారూ."

"మనింటికి ఎన్నింటికి తీసుకొచ్చారు?"

"మూడైందండి."

ఆవిడ కుడిచేతి వేళ్లు ఒకదానికొకటి రాసుకున్నారు, చెంచా పట్టుకున్నట్టు. ఇక లేచి వెళ్లిపోతారు, వేలిముద్ర వెయ్యరు, అంతా అయిపోయింది అనుకున్నాను.

"మిగతాది చదవండి బాబూ," అన్నారు.

ఆయన చదివారు. ఆవిడ హారతి ముఖంలోకి ఒకసారి చూసి, సిరా పలక మీద బొటనవేలు అద్దుకుని, "ఎక్కడ వెయ్యాలి?" అని అడిగారు. చూపించిన చోట గట్టిగా నొక్కారు. దరఖాస్తు తీసుకున్నట్టు ఉదయభాస్కర్ గారు రసీదు రాసిచ్చారు.

ఆటోలో తిరిగి వస్తున్నాం. కాలవ పక్కనే రోడ్డు. ఆటో వంతెన దగ్గర నెమ్మదిస్తే ఆవిడ దూకేస్తారేమోనని చీర కుచ్చిళ్లు నా పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ చూశారు. విడిపించుకోలేదు.

ఇంటి ముందు దిగేసరికి ఎదురింటి చిట్టెమ్మ పిన్నిగారు అరుగు మీదకి వచ్చేశారు. "పనైందా వదినా? పిల్లకి ఉద్యోగం వచ్చేసినట్టేనా? మా గంగరాజే ఉంటేనా…" అని ముక్కు చీదారు.

అత్తయ్యగారు కర్ర గోడకి ఆనించి, ఆయన్ని పడుకోబెట్టిన చోటే కూర్చున్నారు. బొటనవేలికి నీలం సిరా ఇంకా ఉంది.

"ఏం చేస్తాం చిట్టెమ్మా. ఇక్కడికొచ్చి, నా చేతి నీళ్లు తాగి మరీ వెళ్లాడు. అదృష్టవంతుడు," అన్నారు. ఆ తర్వాత నా వైపు చూడకుండానే అడిగారు. "ఎన్ని గుక్కలే, కోడలా?"

చిట్టెమ్మ పిన్నిగారు నా నోటి వంకే చూస్తున్నారు.

"రెండండి," అన్నాను.