సున్నా కంటే తక్కువ మందు

ల్యాబ్‌లో ఆ అమ్మాయి యంత్రం మీద వచ్చిన అంకెను మూడుసార్లు చూసింది. కళ్ళజోడు తుడుచుకుని నాలుగోసారి చూసింది. అంకె ముందు గీత అలాగే ఉంది. ఎవరో రైతు పంపిన పుట్టగొడుగుల్లో తెగులు మందు అవశేషం సున్నా కంటే తక్కువట!

"సున్నా కంటే తక్కువేంటమ్మా?" అన్నారు ల్యాబ్ పెద్దాయన. చుక్క తర్వాత మూడో అంకె కోసం కూడా తగువుపడతారని అందరూ ఆయన్ని చాటుగా దశాంశం సారు అంటారు. "ఈ పుట్టగొడుగు తనలో మందు లేకపోగా, పక్క బుట్టలోని టమాటాల మందు కూడా పీల్చేసిందా?"

ఆమెకి నవ్వు రాలేదు. పుట్టగొడుగుల్లో మందు కొలవాలంటే ముందు మందు తగలని పుట్టగొడుగు ఒకటి కావాలి. దాన్ని మెత్తగా రుబ్బి, రసం తీసి, 'సున్నా అంటే ఇదీ' అని యంత్రానికి చూపించాలి. ఆ తర్వాత వచ్చిన ప్రతిదాన్నీ దానితోనే పోలుస్తారు. మూడు నెలలుగా ఆ సున్నాని తెస్తున్నది తనే, మేనత్త పుట్టగొడుగుల షెడ్డు నుంచి. "మా అత్త గడప మందు తొక్కదు సార్" అని పూచీపడిందీ తనే. దానికంటే తక్కువ వచ్చిందంటే ఆ సున్నాలోనే మందుండాలి. అదే నిజమైతే, ఇన్నాళ్ళూ అందరి పుట్టగొడుగుల్లోనూ మందు తక్కువగా కనిపించినట్టే. ఆ నివేదికలన్నిటి కిందా తన సంతకం. శుక్రవారం తన ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సారు సంతకం పెట్టాలి. ఇంటిల్లిపాదిలో డిగ్రీ చదివింది, నెలజీతం మొహం చూసింది తనొక్కతే.

"సాయంత్రంలోగా చెప్తాను సార్" అని బస్సెక్కింది.

షెడ్డులో గడ్డి సంచులు వరసగా వేలాడుతున్నాయి. వాటి కంతల్లోంచి పుట్టగొడుగులు చెవులు రిక్కించినట్టు బయటికొచ్చాయి. మేనత్త చెప్పులు విప్పించి, చేతులు సబ్బుతో కడిగించి, అప్పుడుగానీ లోపలికి రానివ్వలేదు.

"అత్తా, ఒట్టేసి చెప్పు. మందు కొట్టావా?"

"నీ నోట్లో దుమ్ము పడ! నా పిల్లలకి నేను మందు కొడతానా? కావాలంటే మీ మావయ్యనడుగు."

సంచులకు దారం కడుతున్న మావయ్య తలెత్తలేదు. "నాకు విషం పెట్టినా పెడుతుంది గానీ, వాటికి చుక్క తగలనివ్వదమ్మా."

అప్పుడు కంటబడింది, వెనక గుమ్మం దగ్గర నీలం డ్రమ్ము. నిండా నీళ్ళు, నీళ్ళలో గడ్డి, గడ్డి తేలకుండా పైన ఓ బండరాయి.

"ఇదేంటి?"

"గడ్డికి స్నానం. గడ్డిలో పిచ్చి బూజు ఉంటుంది కదే. అది చావకపోతే మనదాన్ని బతకనివ్వదు."

"ఒట్టి నీళ్ళేనా?"

"ఒట్టి నీళ్ళకి బూజు చస్తుందా? చదువుకున్నదానివి, ఆమాత్రం తెలీదూ? చెంచాడు పొడి."

పక్కనే ఉన్న పొట్లం మీద పేరు చదివి మేనకోడలు డ్రమ్ము అంచు పట్టుకుంది. రోజూ తను యంత్రంలో వెతికే మందే అది.

"అత్తా, మందంటే ఇదే!"

"గడ్డికేశాను. పుట్టగొడుగుకి వేశానా?"

"పుట్టగొడుగు తినేది ఆ గడ్డినే కదా!"

మేనత్త పొట్లం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మావయ్య చేతిలో దారం ఆగిపోయింది. ఆవిడ తన తప్పు వెతుక్కోవడం పెళ్ళయ్యాక ఆయన చూడ్డం అదే మొదలు.

"మందుల కొట్టువాడు అందరూ ఇలాగే నానబెడతారన్నాడే" అంది గొంతు తగ్గించి. "పోనీ, ఆ పుట్టగొడుగులు ఇంకెక్కడో తెచ్చానని చెప్పెయ్. శుక్రవారం గట్టెక్కనీ."

ఆ సలహా బస్సులో ఆమె పక్కసీట్లోనే కూర్చుంది. దారిపొడుగునా మోచేత్తో పొడిచింది. కానీ తన సంతకం చూసి పుట్టగొడుగులు కొనుక్కున్న, ముక్కూ మొహం తెలియని జనమంతా వెనక సీట్లలో ఉన్నట్టనిపించింది.

సారు ముందు నిలబడి అంతా చెప్పింది. అత్త, డ్రమ్ము, పొడి, బండరాయి. బండరాయి అక్కర్లేదు, అయినా చెప్పింది.

సారు పెన్ను మూత పెట్టేశారు. "చుట్టరికాన్ని నమ్మి నువ్వు పరీక్షించలేదు. నిన్ను నమ్మి నేను అడగలేదు. ఈసారి పరీక్షించిన సున్నాతో, ఫ్రీజర్లో దాచిన నమూనాలన్నీ మళ్ళీ చెయ్యి. రైతులకి ఉత్తరాలు నువ్వే రాయి. ఆ కాగితం సంగతి తర్వాత చూద్దాం."

నెల్లాళ్ళయింది. నూట పన్నెండు నమూనాల్లో తొంభై అయ్యాయి. కాగితం ఇంకా సారు సొరుగులోనే ఉంది. ఆరోజు కౌంటరు దగ్గర తెలిసిన గొంతు వినబడి ఆమె పరుగెత్తింది.

"మరిగే నీళ్ళలో నానబెట్టిన గడ్డి మీద పెరిగినవి సారూ. పొడి అన్నదే లేదు. పొయ్యి ఊదలేక మా ఆయన మొహం బొగ్గయింది."

మేనకోడలు పుట్టగొడుగుల సంచి అందుకోబోయింది. మేనత్త చటుక్కున వెనక్కి లాక్కుంది.

"నువ్వు ముట్టుకోకు. అయినవాళ్ళు చేసిన పరీక్ష పరీక్షా? పైవాళ్ళెవరైనా చెయ్యండి. ఎంతుంటే అంత చెప్పండి."

సారు రసీదు రాసిచ్చారు. "ఫలితం నాలుగు రోజుల్లో వస్తుందమ్మా."

"నాలుగు రోజులే కదా" అని మేనత్త కుర్చీ లాక్కుని కూర్చుంది.