ఓడ వెళ్ళిపోయాక సేవ్ చేసిన మనిషి

కళ్ళద్దాల షాపాయన రోజంతా జనాన్ని ఒకే ప్రశ్న అడుగుతుంటాడు. బరువైన ఫ్రేము ముక్కు మీద పెట్టి, అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగుందా, అది బాగుందా?" అని. ఆయన్ని ఎవరైనా అదే ప్రశ్న అడిగితే మాత్రం వచ్చే జవాబు ఒక్కటే: "నీ ఇష్టం." కూర దగ్గర్నుంచి కర్టెన్ల రంగు దాకా, పెళ్ళయిన నాటి నుంచీ ఆయన భార్య ఈ రెండు మాటలతోనే కాపురం చేస్తోంది.

ఆవిడ ఆస్పత్రిలో హెడ్ నర్సు. పక్క ఊళ్ళో కొత్తగా కట్టిన ఆస్పత్రివాళ్ళు ఆవిడని తమ నర్సులందరికీ పెద్దగా రమ్మని అడిగారు. వెళితే రాత్రీ పగలూ అందుబాటులో, అక్కడే గది తీసుకుని ఉండాలి.

"శుక్రవారం సాయంత్రానికి నాకు జవాబు కావాలి," అంది ఆవిడ. "వెళ్ళనా, ఉండనా? నీ ఇష్టం అన్నారంటే మాత్రం ఈ జన్మకి మిమ్మల్ని మళ్ళీ ఏదీ అడగను."

ఆయనకి ముద్ద దిగలేదు. వెళ్ళొద్దని చెప్పాలని ఉంది. ఆ మాట గొంతు దాకా వచ్చి, అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటోంది.

సంగతి విని అక్క కూతురు షాపుకొచ్చింది. కంప్యూటర్ ఆటలకి కథలు రాసే పిల్ల. "నీకు ప్రాక్టీసు లేదు మావయ్యా, అంతే," అని షాపు కంప్యూటర్లో ఒక విజువల్ నావెల్ ఎక్కించింది. "ఇది బొమ్మల కథ. కింద మాటలు చదువుకుంటూ, నొక్కుకుంటూ పో. అక్కడక్కడ కథ ఆగి, ఏం చెయ్యమంటావని నిన్నే అడుగుతుంది. నువ్వు చెప్పినదాన్ని బట్టి మారుతుంది. తప్పు చేస్తే వెనక్కి వెళ్ళొచ్చు, ముందే సేవ్ చేసుకుని ఉంటే."

"వెనక్కి వెళ్ళొచ్చా?" మావయ్య మొహం చేటంత అయింది.

కథలో రేవులో పడవ నడిపే కుర్రాడు, ఓడలో వంట చేసే అమ్మాయి. కుర్రాడి తరఫున జవాబు చెప్పాల్సిన మొదటి ప్రశ్నకే షాపాయనకి చెమటలు పట్టాయి. వానలో తడుస్తున్న అమ్మాయికి గొడుగు ఇవ్వాలా, వద్దా? షాపులో ఉన్నది ఒక్కటే తెర, పరీక్ష అక్షరాలు చూపించేదీ దాని మీదే. కాబట్టి ఆ పూట కళ్ళు చూపించుకోవడానికొచ్చిన బస్సు డ్రైవరు అక్షరాలకి బదులు ఆ అమ్మాయి కష్టాలు చదివాడు.

"ఇది బాగుందా, అది బాగుందా?" అంటూ అద్దం మార్చాడు షాపాయన.

"గొడుగిచ్చెయ్యండి. పిల్ల తడిసి ముద్దవుతుంటే ఇంకా బేరాలేంటి?"

షాపాయన గొడుగిచ్చేశాడు. డ్రైవరుకి ఏ పవర్ రాశాడో మాత్రం దేవుడికే తెలియాలి.

మర్నాటికి షాపు కిటకిటలాడింది. కళ్ళు నిక్షేపంలా ఉన్నవాళ్ళు కూడా మసకగా ఉందంటూ వచ్చి ముందు వరుసలో చతికిలబడ్డారు. డ్రైవరైతే బస్సు షాపు ముందే ఆపి, ప్రయాణికులతో సహా దిగాడు. శుక్రవారం మధ్యాహ్నానికి కథ అసలు చోటికి వచ్చింది. ఓడ కూత వేసింది. "నేను వెళ్ళనా, ఉండనా?" అని అడిగింది అమ్మాయి. తెర మీద మూడు జవాబులు: ఉండిపో. వెళ్ళిరా. నీ ఇష్టం.

షాపాయన వెనక్కి తిరిగి జనం వైపు చూశాడు.

"ఉండిపొమ్మనండి," అన్నాడు డ్రైవరు.

"చేతిలో విద్య ఉన్న పిల్లని రేవుకి కట్టేస్తారా? వెళ్ళనివ్వండి," అంది ముందు వరుసలో కూర్చున్న సంగీతం టీచరు.

బస్సు జనం రెండుగా చీలిపోయారు. కళ్ళజోళ్ళు తీసి జేబుల్లో భద్రంగా పెట్టుకుని మరీ కలబడ్డారు. వాళ్ళనీ వీళ్ళనీ నొప్పించడం ఇష్టం లేక షాపాయన మూడోది నొక్కాడు. ఓడ వెళ్ళిపోయింది. అమ్మాయి వెనక్కి తిరిగి కూడా చూడలేదు. సమాప్తం అని పడింది. ఆయన వెంటనే, జాగ్రత్తగా, సేవ్ చేశాడు.

కబురు విని పరుగున వచ్చిన మేనకోడలు తల పట్టుకుంది. "ఇంతకుముందు సేవ్ చేసినవి ఏవి మావయ్యా?"

"కొత్త పవర్ రాశాక పాత చీటీ చించేస్తాం కదమ్మా. అలాగే దాని మీదే రాసుకుంటూ వచ్చాను."

ఎన్నిసార్లు తెరిచినా ఓడ వెళ్తూనే ఉంది. "అసలు నేనేం చేశాను? ఆ పిల్లని ఒక్క మాటైనా అన్నానా?" అన్నాడాయన, ఏడుపు మొహంతో.

"అనలేదు మావయ్యా. అదే వచ్చిన చిక్కు."

మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టడానికి టైము లేదు. సాయంత్రం కాకుండానే షట్టరు దించి ఇంటికి పరిగెత్తాడు. భార్య మంచం మీద బట్టలు మడతపెడుతోంది. ఆవిడ అడగక ముందే, చెప్పులైనా విడవకుండా, "వెళ్ళొద్దు," అన్నాడు. "నువ్వు లేని ఇంట్లో నాకు కాలు నిలవదు. నాకు భయం."

ఆవిడ చేతిలో బట్ట పక్కన పెట్టింది. కళ్ళు తుడుచుకుంది.

"వెళ్తున్నానండీ. మధ్యాహ్నమే వాళ్ళకి సరేనని చెప్పేశాను."

"మరి నన్నెందుకడిగావు?"

"వద్దనే మనిషి ఒకరున్నారని తెలిస్తే, వెళ్ళడానికి ధైర్యంగా ఉంటుంది."

ఆయనకి కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ముందు ఏది కానివ్వాలో తేల్చుకోలేక మంచం అంచున కూర్చున్నాడు.

"ఆదివారాలు వస్తూ ఉండండి," అంది ఆవిడ, పెట్టె మూస్తూ.

"ఆదివారం దాకా నేనాగలేను. శనివారం మధ్యాహ్నమే వచ్చేస్తాను."

ఆవిడ పెట్టె మళ్ళీ తెరిచి, ఆయన చొక్కాలు రెండు అందులో సర్దింది.