బొటానికల్ గార్డెన్ దాకా ఒక రౌండు

దారం ఇంకా బయటికి రాలేదు. నర్సింలు సైకిలు ఫ్రేములోని ఒక రంధ్రంలోకి కుట్టుమిషను దారం వదిలి, రెండో చివరనున్న రంధ్రానికి వాక్యూమ్ క్లీనర్ గొట్టం ఆనించి చూస్తున్నాడు. యాభై ఆరేళ్ల పొట్టి మనిషి. గోళ్ల కింద గ్రీజు ఎప్పుడో కాపురం పెట్టేసింది. కొండాపూర్‌లోని ఈ షోరూమ్‌లో మిగతా మెకానిక్కులు ల్యాప్‌టాప్ తగిలించి గేర్లు సరిచేస్తారు. ఈ పని మాత్రం వాళ్లెవరూ ముట్టుకోలేదు.

ఇది కరెంటు గేర్ల కోసమే పుట్టిన ఫ్రేము. బటన్ నొక్కితే చిన్న మోటారు గేరు మారుస్తుంది. లోపల సన్నటి తీగకు తప్ప దేనికీ చోటివ్వలేదు. మీట నొక్కి కేబుల్‌తో గేరు మార్చే పాత పద్ధతికి అందులో ఎక్కడా ఆసరా లేదు. కానీ సైకిలు సొంతదారైన అమ్మాయి రసజ్ఞకు అదే కావాలి. ఇకనుంచి ఇంటి నుంచే ఉద్యోగం చేసుకోవచ్చని ఆఫీసు చెప్పింది. ఈ సాయంత్రం రైలుకు ఆమె సొంతూరు టెక్కలి వెళ్లిపోతోంది.

“మా ఊళ్లో బ్యాటరీ పాడైతే చూసేవాళ్లు లేరండి. కేబులైతే ఎవరో ఒకరు మారుస్తారు,” అంది పోయిన వారం.

“ఎక్కిస్త మేడం. ఫికర్ జెయ్యకుండ్రి,” అన్నాడు నర్సింలు.

అన్నాడే గానీ, అతని మనసంతా ట్రయల్ మీదే ఉంది. కేబుల్ బిగించినవాడే తొక్కి చూడాలి. మూసాపేటలో గంటల లెక్కన సైకిళ్లు కిరాయికిచ్చే కొట్లో పద్నాలుగో ఏట చేరినప్పటి నుంచీ అతని పద్ధతి అది. సొంతానికి గేర్ల సైకిలు ఏనాడూ లేదు. ఇక్కడ ట్రయల్ అంటే బొటానికల్ గార్డెన్ గేటు దాకా వెళ్లి రావడం. ఆ పది నిమిషాలూ అతను ఎవరి పనివాడూ కాడు. “ఇంటికొచ్చినా నీ మొకం రోడ్డు మీదనే ఉంటది,” అని భార్య పోచమ్మ ఎగతాళి చేసేది. నిరుడు ఒక మెకానిక్ ఖరీదైన సైకిలు మీంచి పడ్డాడు. దాంతో ఓనరు ఆదర్శ్ ట్రయళ్లు మాన్పించాడు. కొన్నవాళ్లే తొక్కి చూసుకోవాలి. అప్పట్నుంచీ నర్సింలుకు బెంగ పట్టుకుంది. ఈ వయసులో సైకిలు కోసం బెంగేమిటని నవ్వుతారని ఎవరికీ చెప్పుకోలేదు.

దారం వచ్చింది. దానికి కేబుల్ కట్టి లాగాడు. కేబుల్ మీదుగా దాని తొడుగును వెనక చక్రం దాకా మెల్లగా తోశాడు. రంధ్రం అంచుకు రాసుకోకుండా పాత ట్యూబు ముక్క కత్తిరించి చుట్టాడు. డ్రిల్లు జోలికి పోలేదు. కార్బన్ ఫ్రేముకు కొత్త తూటు పొడిస్తే దాని బలం పోతుంది. మధ్యాహ్నం అన్నం సంగతే మరిచిపోయాడు.

నాలుగున్నరకు రసజ్ఞ వచ్చింది. బయట కారు డ్రైవరు ఇంజను కూడా ఆపలేదు. ఆమె మీట నొక్కి చూసి, టక్కున గేరు పడగానే నవ్వింది.

నర్సింలు జన్మలో ఎవరినీ ఏమీ అడిగి ఎరగడు. గొంతు సవరించుకున్నాడు.

“మేడం, ఒక్క రౌండు తొక్కి చూడనిస్తరా? పది నిమిషాలల్ల ఒస్త.”

ఆమె వాచీ చూసుకుని, అతని ముఖం చూసింది. “పది నిమిషాలేనండీ. ట్రాఫిక్‌లో లింగంపల్లి స్టేషన్‌కి చేరాలి. ఆదర్శ్ గారికి నేను చెప్తాను,” అంటూ తన హెల్మెట్ ఇచ్చింది.

నర్సింలు గడ్డం కింద పట్టీ వదులు చేసుకున్నాడు. సైకిలును రోడ్డు మీదికి తెచ్చి, ఎక్కబోతూ, అలవాటు కొద్దీ వెనక చక్రం ఎత్తి పెడల్ తిప్పి మీట నొక్కాడు. మూడో గేరు దగ్గర గొలుసు తటపటాయించి ఎక్కింది. ఫ్రేము లోపల తొడుగు సర్దుకుని కేబుల్ వదులైంది. ఇవాళ్టికి తటపటాయించినా ఎక్కింది. టెక్కలి వెళ్లిన నాలుగు రోజులకు అసలు ఎక్కదు. సరిచెయ్యడానికి పది నిమిషాలు కావాలి. ఉన్నవీ పదే.

అతను బొటానికల్ గార్డెన్ వైపు చూశాడు. రోడ్డు పల్లంగా ఉంది, తొక్కే పని కూడా ఉండదు. ఏడుపొచ్చినంత పనైంది. సైకిలును మళ్లీ లోపలికి తెచ్చి స్టాండుకు ఎక్కించాడు.

“అదేంటండీ, వెళ్లలేదా?” అంది రసజ్ఞ.

“జర పని మిగిలింది మేడం. ఆడ చూసేటోళ్లు లేరంటిరి గద, మళ్ల పరేషాన్ గావద్దు.”

హెల్మెట్ తీసి స్టూలు మీద పెట్టాడు. కేబుల్‌ను పిడికిట పట్టి బలమంతా పెట్టి లాగి, మళ్లీ బిగించాడు. ఒక్కో గేరూ ఎక్కించాడు, దించాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. నర్సింలూ రసజ్ఞా కలిసి చక్రాలు ఊడదీసి సైకిలును కారులో సర్దారు. “థాంక్సండీ, నర్సింలు గారూ,” అంటూనే ఆమె తలుపు వేసుకుంది. కారు లింగంపల్లి రోడ్డెక్కింది.

లోపల్నుంచి ఆదర్శ్ రేపటి పనేదో చెబుతున్నాడు. నర్సింలు తల ఊపుతూ స్టూలు వైపు తిరిగాడు. రసజ్ఞ హెల్మెట్ అక్కడే ఉండిపోయింది, పట్టీ అతని గడ్డానికి సరిపోయేంత వదులుగా.