షెరీఫ్ గారి కళ్ళం

జర్మనీతో మొదటి ప్రపంచ యుద్ధం జరిగిన కాలంలో మా కౌంటీకి షెరీఫ్‌గా చేసినందుకు మా ఆయన ఆర్విల్ హాస్కెట్‌ని నెబ్రాస్కాలో ఇప్పటికీ మెచ్చుకునేవాళ్ళున్నారు. ఆ మెప్పు వింటే నాకు డోకొస్తుంది.

అంతకుముందు ఆయన మంచి రైతు. కంచె తగాదా వస్తే ఇరుపక్షాలూ ఆయన్నే పిలిచేవారు. అందుకే ఓట్లేసి బిళ్ళ తగిలించారు. ఆ బిళ్ళ పెట్టుకున్నాక మనిషిలో వెన్నెముక ఎక్కడికి పోయిందో నాకు తెలీదు.

ఆ వసంతంలో మా పక్క పొలం ఎవాల్డ్ క్రాజే తాత పశువుల కొట్టానికి దేశద్రోహి అని గుర్తుగా ఎవరో పసుపు రంగు పూశారు. ముసలాయన జర్మన్‌వాడు, యుద్ధం ఖర్చుకి సర్కారు అమ్మే బాండ్లు తక్కువ కొన్నాడని జనానికి కోపం. ఆయన టోపీ చేత్తో పట్టుకుని మా వాకిట్లోకి వచ్చాడు.

"ఎవరు పూశారో నాకు తెలుసు షెరీఫ్ గారూ. మీకూ తెలుసు."

"సాక్ష్యం లేకుండా నేనేం చెయ్యను తాతా?" అన్నాడు మా ఆయన, బూట్ల మట్టి గీక్కుంటూ.

జులైలో కుప్పనూర్పులు మొదలయ్యాయి. మాకు నూర్పిడి యంత్రం ఒక్కటే. అది రోడ్డు వెంబడి వరసగా ఇంటింటికీ వస్తుంది, అందరూ అందరికీ సాయం పడతారు, ఎవరి పొలంలో నూరిస్తే వాళ్ళింట్లో భోజనం. ఎవాల్డ్ తాత తర్వాత మా వంతు. యంత్రం సొంతదారు లైల్ పర్డమ్ ముసలాయన గేటు ముందు నుంచే పొగలు కక్కుకుంటూ నేరుగా మా కళ్ళంలోకి తోలుకొచ్చాడు. ముసలాయన గేటు తీసి పట్టుకుని అలాగే నిలబడ్డాడట.

మధ్యాహ్నం మగవాళ్ళంతా బల్ల చుట్టూ చేరారు. వేయించిన కోడి, బంగాళాదుంపలు, యాపిల్ పైలు పెట్టాను. పర్డమ్ చెయ్యి చాపాడు. చొక్కా చేతి అంచున ఇంకా ఆ కొట్టం పసుపు రంగు మరక!

"దారిలో ఒక ఇల్లు మర్చిపోయినట్టున్నావే లైల్?" అన్నాను.

"నా ఇంజనుకి జర్మన్ రాదు వదినా!"

అందరూ పగలబడి నవ్వారు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయనా నవ్వుతున్నాడు. పెద్దగా కాదు, మూతి చివర కాస్త. ఆ కాస్త చాలింది నాకు.

కోడి పళ్ళెం ఎత్తుకెళ్ళి పందుల దొడ్లో కుమ్మరించాను. పైలు కూడా.

"తాత పనలు నూర్చి రండి, మళ్ళీ వండుతాను. అప్పటిదాకా ఈ ఇంట్లో మెతుకు లేదు."

"డెల్ఫియా, నా పరువు తియ్యకే!" అన్నాడు ఆర్విల్.

"ఉంటేగా తియ్యడానికి!"

నూర్పిడికొచ్చినవాళ్ళకి అన్నం పెట్టని ఇల్లాలిని మా వైపు ఎవరూ ఎరగరు. పర్డమ్ ఉమ్మేసి, యంత్రం మళ్ళించుకుని పోయాడు, ముసలాయన వైపు మాత్రం కాదు. నూర్చిన గోధుమలు కళ్ళంలో కుప్పగా మిగిలాయి. గాదెకి చేర్చే మనుషుల్లేరు.

మర్నాడు పొద్దున్నే పడమర నల్లగా కమ్ముకొచ్చింది. నేను పాలు పితికి బయటికొచ్చేసరికి ఎవాల్డ్ తాత బండి మా కళ్ళంలో ఉంది. తనకున్న ఒక్క పెద్ద టార్పాలిన్ పట్టానూ మా కుప్ప మీద కప్పుతున్నాడు.

"మరి నీది తాతా?"

"నాది ఇంకా పనల్లో ఉందమ్మా, కాస్త తట్టుకుంటుంది. నూర్చిన గింజ తడిస్తే మొలకెత్తిపోతుంది."

రెండో కొస పట్టుకుని లాగుతున్న మా ఆయన రోడ్డు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"అయిపోయిందిగా తాతా, ఇంక బయల్దేరు. నువ్విక్కడున్నట్టు ఎవరైనా చూస్తే బాగోదు."

ముసలాయన తల ఊపి కళ్ళేలు అందుకున్నాడు.

ఆ పట్టా కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. చుట్టచుట్టి ముసలాయన బండిలో పడేశాను.

"తీసుకెళ్ళు తాతా. నీ వాటిలో దక్కినన్ని దక్కించుకో. దీన్ని కప్పించుకునే మొహాలు కావు మావి."

బండి గేటు దాటకముందే చినుకులు మొదలయ్యాయి.

"పిచ్చి పట్టిందా నీకు? నా గోధుమలు! ఏడాది కష్టమే అది!" అని ఆర్విల్ మైలు దూరం వినబడేలా అరిచాడు.

యుద్ధం మొదలైన దగ్గర్నుంచి ఆయన గొంతు లేవడం నేను వినడం అదే మొదటిసారి.