తాళం ఇచ్చినవాడు

పెళ్లి విందులో మధ్యాహ్నం మూడు దాటేసరికి తిలేక్ ఎనిమిదో గ్లాసు ఎత్తాడు. లెక్కపెట్టింది అతని స్నేహితుడు నూర్దీన్ ఒక్కడే. అపెండిక్స్ ఆపరేషనై నెల తిరగలేదు, అందుకని టీతోనే సరిపెట్టుకున్నాడు. పొద్దున బయల్దేరేముందు తిలేక్ వాళ్లమ్మ బూరుల్ అతన్ని పక్కకి పిలిచింది. ఊళ్లో కుర్రాళ్లంతా ఆమెని ఎజె, అంటే అక్కా, అని పిలుస్తారు. "వాడి సంగతి నాకు తెలుసు నాయనా. వచ్చేటప్పుడు కారు తాళం నీ దగ్గరే పెట్టుకో" అంది. పెట్టుకుంటానన్నాడు.

నాలుగింటికి తిలేక్ చెల్లెలు ఐజిరెక్ వచ్చి తొందరపెట్టింది. పదిహేడేళ్ల పిల్ల. "అన్నయ్యా, ఆవుల్ని పిండాలి. అమ్మ ఒక్కతే ఉంది, పద."

తిలేక్ నూర్దీన్ వైపు చెయ్యి చాపాడు. "తాళం ఇలా పడెయ్ రా."

"నేను నడుపుతాలే."

"నువ్వా? నువ్వు గేరు మార్చేలోగా గొర్రెలమంద మనల్ని దాటిపోతుంది."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. "ఆపరేషన్లో పేగుతో పాటు ఇంకేమైనా కోసేశారేమో చూసుకోరా!" అన్నాడొకడు. గుడారం గుమ్మంలో ఆడపిల్లలు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం నూర్దీన్ చూశాడు. చెవులు భగ్గుమన్నాయి.

"మీ అమ్మకి మాటిచ్చాను రా."

"కారు నాది, చెల్లెలు నాది. మధ్యలో నువ్వెవడివి?"

"అయితే పోయి చావు" అని తాళం గడ్డిలోకి విసిరేశాడు నూర్దీన్.

వంగి దాన్ని వెతికి అన్న చేతిలో పెట్టింది ఐజిరెక్కే. "నువ్వు రావా అన్నా?" అని అడిగింది నూర్దీన్‌ని.

"నడిచొస్తాలే."

ఉక్రోషంతో నడిచాడు. నది మలుపు దగ్గర గొర్రెలు దారి నిండా చెల్లాచెదురై ఉన్నాయి. గట్టు కింద రాళ్లలో కారు తలకిందులుగా పడి ఉంది. తిలేక్ నుదుటి నెత్తురు తుడుచుకోకుండా గట్టు మీద కూర్చుని, "నిద్రపోతోంది, లేస్తుంది" అని పదేపదే అంటున్నాడు. కాపరి తన కంబళి పరిచి ఐజిరెక్‌ని పడుకోబెట్టాడు. నూర్దీన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చగానే ఉంది. కళ్లు మాత్రం రెప్ప వెయ్యడం లేదు.

తిలేక్‌ని పోలీసులు తీసుకెళ్లారు. ఐజిరెక్‌ని ఉంచిన గుడారం బయట ఊరి మగవాళ్లు ఆచారం ప్రకారం నడుం వంచి, కర్రల మీద ఆనుకుని గొంతెత్తి ఏడుస్తున్నారు. నూర్దీన్ ఆ వరస చివర నిలబడ్డాడు. అతన్ని చూసి బూరుల్ బయటికొచ్చింది.

"వాడు నీ మీదపడి తాళం లాక్కున్నాడటగా. అందరూ అంటున్నారు. కుట్లేమన్నా పిగిలాయా?"

అవునంటే సరిపోయేది. అందరూ కలిసి అతనికోసం అల్లిపెట్టిన అబద్ధం అది.

"లాక్కోలేదు ఎజె. నేనే ఇచ్చాను. నలుగురూ నవ్వారని ఇచ్చాను."

ఏడుపులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. విందులో నవ్వినవాళ్లు ఆ వరసలోనే ఉన్నారు. ఎవరూ తలెత్తలేదు. బూరుల్ అతన్ని కొట్టలేదు, తిట్టలేదు.

"నవ్వారనా?" అంది. "నవ్వితే ఏమైపోయేవాడివిరా?"

ఆమె లోపలికెళ్లి, గుడారం గోడవైపు తిరిగి కూర్చుని, కూతుర్ని పేరుపెట్టి పిలుస్తూ ఏడుపు అందుకుంది.

చలికాలంలో తిలేక్‌కి శిక్ష పడింది. జైలుకి పోవడానికి బస్సు లేదు. ములాఖత్ రోజున నూర్దీన్ వాళ్ల నాన్న కారు తీసుకుని బూరుల్ ఇంటిముందు ఆపాడు. ఆమె చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది. చివరికి రొట్టెల మూట పట్టుకొచ్చి వెనక సీట్లో కూర్చుంది. మంచు పట్టిన దారిలో నూర్దీన్ మెల్లగా నడిపాడు. తిరిగొచ్చేటప్పుడు కూడా ఆమె ముందు సీటు వదిలి వెనకే కూర్చుంది.